7 కిలోల బ్యాగుతో 3 నెలలు: విదేశీ బ్యాక్‌ప్యాకింగ్ సామాను మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ఆగ్నేయాసియాలో నెలల తరబడి తిరగాలనుకునేవాళ్లు నన్ను వీసా గురించి ఒక మాట అడిగితే సామాను గురించి పది మాటలు అడుగుతారు. అవి కూడా ఎప్పుడూ అవే ప్రశ్నలు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఎయిర్‌ఏషియా లాంటి చవక విమానాల్లో టికెట్‌తోపాటు చేత్తో తీసుకెళ్లనిచ్చేది 7 కిలోలే, ఆ లెక్కలోనే సర్దుకోవడం గురించి ఇవన్నీ. థాయిలాండ్, లావోస్, వియత్నాం, కంబోడియా, మలేసియా, ఇండోనేసియా, ఈ చుట్టుపక్కల ఒక మూడు నెలలు తిరిగే ప్రయాణం మనసులో పెట్టుకుని రాసినవివి. ఏ జవాబుకి ఆ జవాబు పూర్తిగా ఉంటుంది, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## ఇంకా ఆలోచనలో ఉన్నప్పుడు

మూడు నెలలకి 7 కిలోలు నిజంగా సరిపోతాయా?

సరిపోతాయి. మూడు నెలలకి సర్దుకోవాలి అనుకుంటేనే భయం వేస్తుంది. మీరు సర్దుకోవాల్సింది ఒక్క వారానికి. ఆ వారం బట్టల్నే ఉతుక్కుంటూ ఎన్ని నెలలైనా తిరగొచ్చు. పోయినసారి నా లెక్క ఇలా తేలింది: ఖాళీ బ్యాగు 1.2 కిలోలు, బట్టలు 2.2, ఫోన్ సామాను, చార్జర్లు, ఒక చిన్న ట్యాబ్ కలిపి 1.3, సబ్బులు, మందులు 700 గ్రాములు, చెప్పులు 300, పొడులు 500, కాగితాలు, తాళం, చిల్లర మల్లర 300. మొత్తం ఆరున్నర కిలోలు. మిగిలిన అరకిలో ఖాళీగానే వదిలేశాను. దారిలో ఒక మంచినీళ్ల సీసా, నాలుగు అరటిపళ్లు పెట్టుకోవడానికైనా చోటు ఉండాలి కదా.

డబ్బులు కట్టి చెకిన్ బ్యాగు వేసేస్తే పోయేదానికి ఇంత కష్టం ఎందుకు?

విమానంలో మీరు మోసేది ఏమీ ఉండదు, అక్కడ బరువు విమానానిది. మిగతా దారంతా మీ భుజాలదే. నా మొదటి ప్రయాణంలో 14 కిలోల బ్యాగు. లావోస్‌లో హువాయ్ సాయ్ నుంచి లువాంగ్ ప్రబాంగ్‌కి మెకాంగ్ నది మీద రెండు రోజుల పడవ ప్రయాణం ఉంటుంది, మధ్యలో పాక్‌బెంగ్ అనే ఊళ్లో రాత్రి ఆగుతారు. ఆ ఊళ్లో దిగాలంటే పడవ మీంచి ఒడ్డుకి వేసిన చెక్క పలక మీద నడవాలి. ఒక మనిషి పట్టేంత వెడల్పు, కింద గోధుమరంగు నీళ్లు, అడుగు వేస్తే పలక ఊగుతోంది, వీపు మీద బరువు నన్ను ఒక పక్కకి లాగేస్తోంది. నా వెనక ఉన్న పెద్దాయన బ్యాగు అడుగున చెయ్యి వేసి పట్టుకుంటే గానీ ఒడ్డెక్కలేకపోయాను. ఎక్కాక గెస్ట్‌హౌస్‌కి నిటారు ఎత్తు. ఆ సాయంత్రం ఊరు చూసే ఓపిక లేక గదిలో పడుకుండిపోయాను. బరువు బ్యాగు తీసుకుపోయేది అదే, మీ సాయంత్రాలు.

డబ్బు లెక్క కూడా ఉంది. చవక విమానాల్లో చెకిన్ సామానుకి ప్రతి టికెట్‌కీ వేరేగా కట్టాలి. మూడు నెలల్లో ఆరేడు విమానాలు ఎక్కితే ఆ డబ్బులతో చాలా రోజులు గది అద్దె వెళ్లిపోతుంది.

ఇంట్లో అమ్మానాన్నలు "ఇంత చిన్న బ్యాగేంటి" అని గొడవ పెడుతున్నారు. ఏం చెప్పను?

వాళ్ల కంగారు బ్యాగు గురించి కాదు, మీ గురించి. అంచేత వాదన పెట్టుకోకండి. బ్యాగు వాళ్ల ముందే సర్దండి. ఏది ఎందుకు పెడుతున్నారో చెప్పండి, వెళ్లే ఊళ్లలో మందుల షాపులు, బట్టల కొట్లు ఎలా ఉంటాయో ఫోన్‌లో చూపించండి. తర్వాత అమ్మని ఒక్క వస్తువు మాత్రం ఆవిడ ఇష్టప్రకారం పెట్టమనండి. మా ఇంట్లో ఆ ఒక్కటీ కరివేపాకు పొడి అయింది. హనోయిలో జ్వరం వచ్చి నాలిక చచ్చిపోయినప్పుడు అన్నంలో ఆ పొడి కలుపుకునే రెండు రోజులు నెట్టుకొచ్చాను.

ఏ నెలల్లో వెళ్తే సామాను తగ్గుతుంది?

చలి లేని దారి ఎంచుకుంటే తగ్గుతుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా థాయిలాండ్, కంబోడియా హాయిగా ఉంటాయి, పల్చటి బట్టలు చాలు. కానీ అదే డిసెంబర్, జనవరిలో ఉత్తర వియత్నాంలోని సాపా, హా జియాంగ్ కొండల్లో గట్టి చలి. సాపాలో కొన్ని రాత్రులు సున్నా దగ్గరికి పోతుంది. మధ్య వియత్నాంలో హుయె, హోయి ఆన్ వైపు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు. బాలిలో వానలు నవంబర్ నుంచి మార్చి దాకా. ఒక్క వారం కొండల కోసం మూడు నెలలు బరువు జాకెట్ మోయకండి. అక్కడికి వెళ్లాక కొనుక్కుని, దిగేటప్పుడు హాస్టల్‌లో ఎవరికైనా ఇచ్చేయండి.

## బ్యాగు కొనేటప్పుడు

ఎన్ని లీటర్ల బ్యాగు తీసుకోవాలి?

35 నుంచి 40 లీటర్లు. అంతకంటే పెద్దది కొంటే, ఖాళీ కనిపించిన ప్రతిసారీ చెయ్యి ఊరుకోదు, ఏదో ఒకటి పెట్టేస్తారు. క్యాబిన్ కొలతలు కూడా చూసుకోవాలి. ఎయిర్‌ఏషియాలో 56 × 36 × 23 సెంటీమీటర్లు, చిన్న బ్యాగుతో కలిపి 7 కిలోలు. స్కూట్‌లో 10 కిలోల దాకా ఇస్తారు. ఎక్కే విమానాల్లో అన్నిటికన్నా తక్కువ ఇచ్చేది ఏదో, మీ బ్యాగు దానికి సరిపడాలి.

సూట్‌కేసులాగా ముందువైపు జిప్పు మొత్తం తెరుచుకునేది చూడండి. పైనుంచి మాత్రమే తెరుచుకునే ట్రెక్కింగ్ బ్యాగులో అడుగున ఉన్న బనియన్ కోసం ప్రతి రాత్రీ మొత్తం దిమ్మరించాల్సి వస్తుంది. నడుముకి కట్టుకునే బెల్టు మెత్తగా, వెడల్పుగా ఉండాలి, భుజాల మీది బరువుని తుంటి మీదికి దించేది అదే. ఖాళీ బ్యాగు బరువు కూడా అడిగి తెలుసుకోండి. ఒకటిన్నర కిలోలు దాటితే నేనైతే తీసుకోను. ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి కొనకండి. డెకాథ్లాన్ లాంటి చోటికి వెళ్లి, అందులో నాలుగైదు కిలోల సామాను వేసి, ఓ పావుగంట షాపులోనే అటూ ఇటూ తిరగండి. వీపు పొడవుకి సరిపోని బ్యాగు ఆ పావుగంటలోనే బయటపడుతుంది.

ఇంట్లో ట్రాలీ సూట్‌కేసు ఉంది కదా, అది చాలదా?

ఒకే ఊళ్లో ఉండేవాళ్లకి చాలు. ఊరూరా తిరిగేవాళ్లకి వద్దు. ఖాళీ సూట్‌కేసే రెండున్నర, మూడు కిలోలు తూగుతుంది. ఇక హనోయి పాత బస్తీలో ఫుట్‌పాత్ నిండా బైకులు, ప్లాస్టిక్ స్టూళ్లు, చక్రాలు దొర్లే చోటే ఉండదు.

రోజూ తిరగడానికి రెండో చిన్న బ్యాగు కావాలా?

కావాలి. చేతిలో ఇమిడేలా మడత పడేది, 12–15 లీటర్లది, 150 గ్రాముల లోపుది చాలు. పాస్‌పోర్టు, డబ్బు, ఫోన్, మందులు ఎప్పుడూ అందులోనే. బస్సు డిక్కీలో పెద్ద బ్యాగు పెట్టినా ఇది ఒళ్లోనే ఉండాలి.

## సర్దేటప్పుడు

బట్టలు ఎన్ని జతలు?

ఒంటి మీద ఉన్నవాటితో కలిపి చెప్తున్నాను: టీషర్టులు లేదా టాప్‌లు నాలుగు, ప్యాంట్లు రెండు, రాత్రికి ఒక షార్ట్ లేదా పైజామా, లోదుస్తులు ఐదు, మేజోళ్లు మూడు జతలు, ఏసీ బస్సులకి ఒక పల్చటి స్వెట్టర్, ఒక వాన జాకెట్. అంతే. ఏ టాప్ ఏ ప్యాంటు మీదికైనా నప్పేలా రంగులు ఎంచుకోండి. "ఒకవేళ ఎవరైనా పార్టీకి పిలిస్తే" అని పెట్టే జత ఒకటి ఉంటుంది చూడండి, అది బ్యాగులోంచి బయటికి రాకుండానే మీతోపాటు ఇంటికి తిరిగొస్తుంది. దాన్ని తీసేయండి.

కాటన్ వేసుకోవాలా, పాలిస్టరా?

మన ఎండలకి కాటన్ అలవాటు, అక్కడా ఎండే కదా అనిపిస్తుంది. తేడా గాలిలో తేమ దగ్గర వస్తుంది. వానాకాలంలో మందం కాటన్ టీషర్టు రాత్రి ఉతికితే పొద్దున్నకి ఆరదు, తడిదే మడిచి పెడితే మర్నాటికి ముక్క వాసన. ఆటల్లో వేసుకునే పల్చటి పాలిస్టర్ రకం నాలుగైదు గంటల్లో ఆరిపోతుంది, కానీ చెమట వాసన తొందరగా పట్టేస్తుంది. నేను రెండు అవీ, రెండు పల్చటి చేనేత కాటన్‌వీ పెట్టుకుంటాను. మన మంగళగిరి, పొందూరు వైపు పల్చటి నేత చొక్కాలు ఆరడానికి టైమ్ తీసుకోవు, ఎండలో ఒంటికి చల్లగా ఉంటాయి.

జీన్స్ లేకుండా ఎలా?

ఒక జీన్స్ 700–800 గ్రాములు, తడిస్తే ఆరడానికి రెండు రోజులు. ఆ బరువులో పల్చటి ప్యాంట్లు రెండు వస్తాయి. ఎంతో ఇష్టమైతే ఒంటి మీద వేసుకుని వెళ్లండి, బ్యాగులో మాత్రం వద్దు.

టవల్, దుప్పటి తీసుకెళ్లాలా?

టర్కీ టవల్ వద్దు, దుప్పటి అసలే వద్దు. ఈ విషయంలో మనకి పుట్టుకతో వచ్చిన సౌకర్యం ఒకటుంది, చాలామంది దాన్ని ఇంట్లో వదిలేసి బయట దేశాల మైక్రోఫైబర్ టవల్ కొంటారు. అదే నేత తువ్వాలు. మా తాతయ్య భుజం మీద ఉండే ఎర్రంచు తువ్వాలులాంటిదే నా బ్యాగులో ఉంటుంది, 150 గ్రాములు కూడా ఉండదు. స్నానం చేసి తుడుచుకుని గట్టిగా పిండి బంక్ బెడ్ చువ్వకి ఆరేస్తే, టిఫిన్ తిని వచ్చేసరికి దాదాపు ఆరిపోయి ఉంటుంది. ఎండలో తలకి చుట్టుకోవచ్చు, మార్కెట్‌లో పళ్లు మూట కట్టుకోవచ్చు, నేల మీద పరుచుకుని కూర్చోవచ్చు.

ఆడవాళ్లకి పెద్ద కాటన్ చున్నీ, మగవాళ్లకి లుంగీ ఇంతకన్నా ఎక్కువ పనికొస్తాయి. వియత్నాం స్లీపర్ బస్సుల్లో ఏసీ విపరీతంగా పెడతారు, అప్పుడు చున్నీయే దుప్పటి. హాస్టల్‌లో కింది పడకకి అడ్డంగా కడితే పరదా. గుడికి వెళ్తే పైట. లుంగీ కట్టుకున్న మనిషి అక్కడెవరికీ వింతగా కనపడడు, సరోంగ్ ఆ దేశాల్లో అందరికీ తెలిసిన కట్టే.

చెప్పులు చాలా, షూస్ కూడానా?

నడకకి ఒక జత షూస్, గదికీ బాత్రూమ్‌కీ ఒక జత రబ్బరు చెప్పులు. షూస్ ఎప్పుడూ కాళ్లకే ఉండాలి, బ్యాగులోకి రాకూడదు. గుళ్లలోనూ చాలా హాస్టళ్లలోనూ గుమ్మం దగ్గరే విప్పాలి కాబట్టి లేసులు విప్పకుండా కాలు జొప్పించేవి తీసుకోండి. కొత్త షూస్ వేసుకుని విమానం ఎక్కకండి, నెల ముందు కొని మన రోడ్ల మీదే అరగదీయండి.

గుళ్లలోకి బట్టల రూల్స్ ఉన్నాయా?

ఉన్నాయి. అంకోర్‌వాట్‌లో, బ్యాంకాక్ గ్రాండ్ ప్యాలెస్‌లో భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి. పొడుగు ప్యాంటు ఒకటి, చేతులున్న టాప్ ఒకటి ఉంటే చాలు, గుళ్ల కోసం ప్రత్యేకంగా జత అక్కర్లేదు.

పచ్చళ్లు, పొడులు తీసుకెళ్లొచ్చా?

చేతి బ్యాగుతో వెళ్తుంటే ఆవకాయ మర్చిపోండి. నూనె తేలే పచ్చడి సెక్యూరిటీ దగ్గర ద్రవం కిందికి వస్తుంది, 100 మిల్లీలీటర్లు దాటిన సీసా ఆపేస్తారు. ఆపకపోయినా మూత వదులై బట్టల్లో కారితే ఆ వాసన మూడు నెలలు మీతోనే తిరుగుతుంది.

పొడులు మేలు. కందిపొడి, కరివేపాకు పొడి, పల్లీ పొడి, ఏవైనా రెండు, తలా పావుకిలో. ఇంట్లో కట్టిన కవర్లకన్నా పేరు, దినుసులు ముద్రించి సీలు వేసిన ప్యాకెట్టు మంచిది, కస్టమ్స్ వాళ్లు అడిగితే అదే చూపించొచ్చు. ఒక్క జాగ్రత్త తప్పనిసరి: గసగసాలు. మన మసాలాల్లో మామూలుగా పడిపోయే గసగసాలు సింగపూర్‌లోనూ యూఏఈలోనూ నిషేధం. ట్రాన్సిట్‌లో ఆ ఎయిర్‌పోర్టులు తగిలే వాళ్లు ఇంట్లో చేసిన మసాలా పొడి పెట్టుకునే ముందు అందులో ఏమేం వేశారో అమ్మని అడగండి. ఎండు కొబ్బరి చిప్పలు కూడా వద్దు, నూనె వల్ల అంటుకునే గుణం ఉందని విమానాల్లో వాటిని ప్రమాదకర సరుకుగా లెక్కేస్తారు.

నేను శాకాహారిని. చిన్న రైస్ కుక్కర్ పెట్టుకోనా?

వద్దు, కిలోన్నర బరువు. అన్నం ఈ దేశాలన్నిటిలోనూ ప్రతి సందులోనూ దొరుకుతుంది, సమస్య పక్కన ఏం కలుపుకోవాలన్నదే. థాయిలాండ్‌లో పసుపు రంగు మీద ఎర్ర అక్షరాలతో జెండా కట్టి ఉంటే అది "జే" భోజనం, మాంసం, చేపలే కాదు వెల్లుల్లి, ఉల్లి కూడా ఉండవు. వియత్నాంలో "అన్ చయ్" (శాకాహారం) అని అడగండి, పౌర్ణమి, అమావాస్య రోజుల్లో మామూలు హోటళ్లలో కూడా పెడతారు. ఉత్త కూరగాయల వేపుడు అని చెప్తే చాలదు, అందులో చేపల సాస్ పోస్తారు, అది వద్దని విడిగా చెప్పాలి. ఎక్కడా కుదరకపోతే తెల్లన్నం, పెరుగు కప్పు కొనుక్కుని పొడి కలుపుకోండి.

షాంపూ, సబ్బు, కొబ్బరినూనె ఎలా?

మన కిరాణా కొట్టు గుమ్మానికి దండలా వేలాడే షాంపూ ప్యాకెట్లు ఈ పనికే పుట్టినట్టు ఉంటాయి. ఒక్కోటీ పది మిల్లీలీటర్ల లోపే, వాడి పారేస్తే బరువు రోజురోజుకీ తగ్గుతుంది. పది చింపుకోండి, అవయ్యాక అక్కడివి కొనుక్కోండి. ఒంటికీ బట్టలకీ ద్రవాలు వద్దు, సబ్బు బిళ్లలే. బట్టల సబ్బు సగానికి కోసి పెట్టుకోండి. కొబ్బరినూనె 50 మిల్లీలీటర్ల సీసాలో పోసి, మూత కింద చిన్న ప్లాస్టిక్ ముక్క బిగించండి. ద్రవాలన్నీ 100 మిల్లీలీటర్ల లోపు సీసాల్లో, లీటరు పట్టే ఒకే పారదర్శకమైన సంచిలో ఉండాలి. టూత్‌పేస్టు కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

మందులు ఏమేం పెట్టుకోవాలి?

రోజూ వేసుకునేవి ఉంటే మూడు నెలలకీ సరిపడా, ఇంకో వారం ఎక్కువ. ఇక పారాసిటమాల్, సిట్రిజిన్, విరేచనాలకి లోపెరమైడ్, డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసున్న ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు, బ్యాండ్‌ఎయిడ్లు, దోమలకి ఓడోమాస్. ఇవన్నీ కలిపి పావుకిలో ఉండవు. అట్టపెట్టెలు తీసేయండి గానీ స్ట్రిప్పులు కత్తిరించకండి, పేరు, తేదీ కనపడాలి. నిద్రమాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందులు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు చాలా దేశాల్లో కట్టడిలో ఉంటాయి. అలాంటివి తప్పనిసరైతే వెళ్లే ప్రతి దేశం రూల్ చూసుకుని, మందు జనరిక్ పేరుతో డాక్టర్ ఉత్తరం దగ్గర ఉంచుకోండి.

ఆడవాళ్లకి విడిగా ఏమైనా కావాలా?

ప్యాడ్లు అన్ని చోట్లా దొరుకుతాయి, ఒక నెలకి పెట్టుకుంటే చాలు. మెన్‌స్ట్రువల్ కప్పు అలవాటుంటే అసలు బరువే లేదు, అలవాటు లేకపోతే మాత్రం ప్రయాణంలో మొదలుపెట్టకండి, రెండు నెలల ముందు ఇంట్లోనే అలవాటు చేసుకోండి. లోదుస్తులు మీ సైజువి ఇక్కడినుంచే తీసుకెళ్లండి, అక్కడ పెద్ద సైజులు వెతకడం కష్టం. బంగారం వద్దు. మెడలో ఏదైనా ఉండాలనుకుంటే నల్లపూసలు చాలు. ఒకవేళ బంగారం వేసుకునే వెళ్తుంటే, బయల్దేరేటప్పుడే మన ఎయిర్‌పోర్ట్ కస్టమ్స్ కౌంటర్‌లో ఎగుమతి సర్టిఫికెట్ తీసుకోండి, తిరిగొచ్చేటప్పుడు అది మనదేనని రుజువు ఉంటుంది.

ల్యాప్‌టాప్ తీసుకెళ్లనా?

దారిలో ఉద్యోగం చేసేవాళ్లకి తప్పదు. సినిమాలు చూడటానికీ ఫోటోలు దాచుకోవడానికీ అయితే వద్దు, చార్జర్‌తో కలిపి రెండు కిలోలు పోతుంది. తీసుకెళ్లేవాళ్లు 65 వాట్ల చిన్న టైప్-సి చార్జర్ ఒకటి కొంటే ఫోన్‌కీ ల్యాప్‌టాప్‌కీ అదే సరిపోతుంది.

మన ప్లగ్గులు అక్కడ పడతాయా?

సన్నటి రెండు గుండ్రటి పిన్నుల ఫోన్ చార్జర్ థాయిలాండ్, వియత్నాం, ఇండోనేసియాల్లో మామూలుగానే పడుతుంది. మలేసియా, సింగపూర్‌లలో మూడు చదును పిన్నుల సాకెట్లు, అక్కడ అడాప్టర్ కావాలి. ల్యాప్‌టాప్‌కి వచ్చే మన లావు మూడు పిన్నుల ప్లగ్గుతోనే తంటా, దానికి రెండు పిన్నుల వైరు ఇక్కడే కొనుక్కోండి. కరెంటు మనలాగే 220–240 వోల్టులు, ట్రాన్స్‌ఫార్మర్ అవసరం లేదు.

ఏ కాగితాలు ఒరిజినల్ ఉండాలి, ఏవి ఫోన్‌లో చాలు?

పాస్‌పోర్టు ఒరిజినల్, కనీసం ఆరు నెలల గడువుతో. ఈ-వీసా ప్రింటు రెండు కాపీలు, నాలుగు పాస్‌పోర్టు ఫోటోలు, ఇన్సూరెన్స్ కాగితం. మిగతావన్నీ ఫోన్‌లోనూ మెయిల్‌లోనూ చాలు. థాయిలాండ్‌కి 2025 మే 1 నుంచి అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లోనే నింపాలి, మలేసియాకీ అలాంటిదే ఉంది. కాస్త డాలర్లు పెట్టుకునేవాళ్లు కొత్త నోట్లు అడిగి తీసుకోండి. కంబోడియాలో కొంచెం చిరిగినా, గీత ఉన్నా తీసుకోరు, మడత పడకుండా పుస్తకంలో పెట్టండి.

బరువు లేనిదే గానీ అన్నిటికన్నా ముఖ్యమైనది మీ ఇండియా సిమ్. బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. బయల్దేరకముందే ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించి, అక్కడి డేటాకి ఈ-సిమ్ వేసుకోండి. సిమ్ తీసే పిన్ను పర్సులో పెట్టుకోండి.

## ఎయిర్‌పోర్ట్‌లో

బ్యాగు బరువు ఇంట్లో ఎలా తెలుస్తుంది?

బరువు చూసుకునే మిషన్ ఉంటే బ్యాగుతో ఒకసారి, బ్యాగు లేకుండా ఒకసారి ఎక్కి తీసేయండి. లేకపోతే వీధి చివర కిరాణా కొట్లో కాటా మీద పెట్టండి, ఎవరూ కాదనరు. ముందురోజు రాత్రి కాదు, వారం ముందు చేయండి. తీసేయాల్సినవి ఏవో తేల్చుకోవడానికి మనసుకి టైమ్ కావాలి.

కౌంటర్ దగ్గర 7 కిలోలు దాటితే ఏం చేస్తారు?

ఒకసారి నాది 8.4 వచ్చింది. కట్టమన్న డబ్బు టికెట్ ధరలో సగానికి పైనే. పక్కకి వచ్చి నేల మీద కూర్చుని స్వెట్టర్, వాన జాకెట్ తొడుక్కుని, పవర్ బ్యాంకు, చార్జర్లు జేబుల్లో వేసుకుని, తినడానికి తెచ్చుకున్నవి అక్కడే తినేసి మళ్లీ తూచాను. 7.1 అంది, వదిలేశారు. అలా వదిలేస్తారని నమ్ముకోవద్దు. ఇంట్లో 6.5 దగ్గర ఆపేస్తే ఆ టెన్షనే ఉండదు. బరువు జాకెట్, షూస్ ఎప్పుడూ ఒంటి మీదే ఉంచుకుని ఎక్కండి.

పవర్ బ్యాంకు ఎంత దాకా ఒప్పుకుంటారు?

చేతి బ్యాగులో మాత్రమే, చెకిన్‌లో అస్సలు వేయకూడదు. 100 వాట్-అవర్ల దాకా మామూలుగా ఒప్పుకుంటారు. పవర్ బ్యాంకు మీద రాసుండే ఎంఏహెచ్ అంకెని 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే ఆ లెక్క వస్తుంది: 20,000 ఎంఏహెచ్ అంటే 74. బరువు చూసుకుంటే 10,000 ఎంఏహెచ్ చాలు, అది 200 గ్రాముల చుట్టూ ఉంటుంది. దాని మీద అంకెలు చెరిగిపోతే ఆపేసే అవకాశం ఉంది, కొత్తది కొనండి. 2025 జనవరిలో దక్షిణ కొరియాలో ఒక విమానం తగలబడి, అనుమానం పవర్ బ్యాంకు మీదికి వెళ్లాక, ఆసియాలో చాలా విమానాల్లో ప్రయాణంలో దాన్ని వాడనివ్వడం లేదు. పై అరలో పెట్టకుండా సీటు దగ్గరే ఉంచుకోండి.

## దారిలో

బట్టలు ఎక్కడ ఉతుక్కోవాలి?

రెండు దారులు. ఊరూరా కిలో లెక్కన ఉతికిచ్చే షాపులు ఉంటాయి, పొద్దున ఇస్తే సాయంత్రానికి మడతపెట్టి ఇస్తారు. మూడు కిలోల లోపే ఉంటాయి కాబట్టి వారానికోసారి ఇచ్చినా భారం కాదు. ఇచ్చేముందు లెక్కపెట్టి ఫోటో తీసుకోండి. థాయిలాండ్‌లో నాణేలు వేసే మిషన్లు కూడా వీధి వీధికీ కనపడతాయి.

మధ్యలో లోదుస్తులు, టీషర్టు రోజూ స్నానంతోపాటే ఉతికేసుకోండి. తొందరగా ఆరాలంటే ఒక పద్ధతి ఉంది. పొడి తువ్వాలు పరిచి, పిండిన టీషర్టు దాని మీద వేసి, చాపలాగా గట్టిగా చుట్టి, మోకాలితో ఆ చుట్ట మీద చివరినుంచి చివరిదాకా నొక్కండి. తువ్వాలు బరువెక్కుతుంది, టీషర్టు చేతికి చల్లగా తగులుతుంది గానీ తడి అంటదు. ఫ్యాన్ కింద వేస్తే పొద్దున్నకి తొడుక్కోవచ్చు. రెండు మీటర్ల నైలాన్ తాడు పెట్టుకుంటే ఆరేసుకునే చోటు కోసం వెతుక్కోనక్కర్లేదు.

వానలో బ్యాగు తడవకుండా ఎలా?

పైన వేసే కవరుని నమ్మకండి, వీపు వైపు నుంచి నీళ్లు దిగుతాయి. చెత్తబుట్టలో వేసే పెద్ద నల్ల కవరు కొత్తది బ్యాగు లోపల పరిచి, అందులో సామాను పెట్టి మూతి మెలిపెట్టండి.

ఏదైనా మర్చిపోతే?

పాస్‌పోర్టు, రోజువారీ మందులు, పవర్ ఉన్న కళ్లజోడు, బ్యాంకు సిమ్. ఈ నాలుగూ ఉంటే మిగతావన్నీ ఏ ఊళ్లోనైనా కొనుక్కోవచ్చు. కళ్లజోడు మాత్రం రెండోది పెట్టుకోండి. మీ పాదం పెద్దదైతే షూస్ కూడా ఇక్కడే చూసుకోండి, వియత్నాంలో పెద్ద సైజులు దొరకడం కష్టం.

నచ్చినవి కొనుక్కోవాలనిపిస్తే ఎక్కడ పెట్టను?

ప్రయాణం చివరి వారం దాకా ఆపుకోండి. హోయి ఆన్‌లో దర్జీ కుట్టిన బట్టలు చూశాక ఆగడం కష్టమని నాకు తెలుసు. అలాంటప్పుడు పోస్టులో ఇంటికి పంపేయండి. థాయిలాండ్ పోస్టాఫీసుల్లో అట్టపెట్టెలు కౌంటర్ దగ్గరే అమ్ముతారు. ఓడ మీద పంపితే చవక, నెలలు పడుతుంది. బట్టలు, పుస్తకాలకి ఆ ఆలస్యం ఫర్వాలేదు.

నెల గడిచింది, బ్యాగు ఇంకా బరువుగానే ఉంది. ఏం చేయాలి?

ఒక సాయంత్రం హాస్టల్ మంచం మీద మొత్తం దిమ్మరించండి. ఈ నెలలో ఒక్కసారైనా చెయ్యి పెట్టినవి కుడిపక్కకి, పెట్టనివి ఎడమపక్కకి. మందులు, వాన జాకెట్ వదిలేయండి, అవి వాడకపోతేనే సంతోషం. మిగతా ఎడమ కుప్పంతా ఎవరికైనా ఇచ్చేయడమే. చాలా హాస్టళ్లలో రిసెప్షన్ పక్కన ఒక అట్టపెట్టె ఉంటుంది, అవసరం లేనివి అందులో వేస్తారు, కావాల్సినవాళ్లు తీసుకుంటారు. చియాంగ్ మాయ్‌లో నేను ఒక ప్యాంటు, రెండు పుస్తకాలు, ఎప్పుడూ వాడని కెమెరా స్టాండు అందులో పెట్టాను. పొద్దున బస్సుకి వెళ్తూ చూస్తే పుస్తకాలు అప్పటికే లేవు.